మేనేజరు మింగిన దారం

పదకొండుంపావుకి వాణ్ణి ఆపరేషనుకి లోపలికి తీసుకెళ్లారు. అప్పటికి నా చేతిలో మిగిలినవి ఒక ఖాళీ ప్లాస్టిక్ పిల్లి బుట్ట, తోలు మెడపట్టీ, ముప్ఫై రెండేళ్లు బట్ట తడిమి తడిమి అరిగిన పది వేళ్లు, డాక్టరమ్మకు చెప్పకుండా దాచుకున్న ఒక మాట. ఏ బేరంలోనైనా దిగేముందు చేతిలో ఏముందో చూసుకోవడం నాకు అలవాటు. చూసుకున్నాక, బుట్టలో పరిచిన తువ్వాలు మీద మిగిలిన వెంట్రుక ఒకటి తీసి కిటికీ వెలుతురుకి పట్టాను. మొదలు దగ్గర బూడిద రంగు, నడుమ నారింజ, కొసన నలుపు. ఒక్క పోగు మీద మూడు రంగులు, ఎక్కడా ఒకటి మరొకదానిలోకి కారలేదు. ఏ మిల్లువాణ్ణయినా వెయ్యమనండి చూద్దాం. ఇలాంటివి వాడి ఒంటి మీద ఎన్ని లక్షలున్నాయో, అవన్నీ కలిసి ఎక్కడ నలుపు తేలాలో ఎక్కడ నారింజ తేలాలో ఎవరు చెప్పారో. "గంట పడుతుందండీ, ఇంకాస్త ఎక్కువైనా కంగారు పడకండి, పేగు పని నెమ్మదిగా చెయ్యాలి" అంది డాక్టరమ్మ. తక్కువ పడితే ఏమనుకోవాలో ఆవిడ చెప్పలేదు, నేనూ అడగలేదు. అందుకని ఆ తలుపు ఎంతసేపు మూసి ఉంటే నాకు అంత లాభం అన్నట్టు కూర్చున్నాను. పొద్దున్నే తలుపు తెరిచి ఎవరొస్తారా అని చూసే బతుకు నాది. తలుపు తెరుచుకోకూడదని కోరుకోవడం ఇదే మొదలు.

గదిలో గోడకి ఆనించి ఎనిమిది కుర్చీలు. రెండో కుర్చీ రెక్సిన్ చిరిగితే ఎవరో తెల్ల ప్లాస్టరు అంటించారు, అది చూడగానే నా చెయ్యి దాన్ని సరిచెయ్యాలని లేచింది, కూర్చోబెట్టాను. పక్కన మా బావమరిది. మా ఆవిడ తమ్ముడు, నా కొట్టు వరండాలో మిషను వేసుకుని కర్టెన్లు కుట్టే టైలరు. ఆదరాబాదరాగా వచ్చేశాడేమో కొలత టేపు మెడలోనే ఉంది. "బావా, దారం నాది" అన్నాడు, ఇందాకటి నుంచి నాలుగోసారి. "దారం నీదైతే కొట్టు నాది, ఊరుకో" అన్నాను. డాక్టరమ్మ మాకు చెప్పింది ఇదీ: దారం ఒక కొస పైన పొట్టలో ఎక్కడో చిక్కుకుంది, రెండో కొస పేగుల వెంట కిందికి దిగింది. పేగు తన పని మానదు, ముందుకు తోస్తూనే ఉంటుంది, దారం కదలదు. దాంతో పేగు ఆ దారం మీదికి కుచ్చులు పడుతుంది. ఆవిడ తన కోటు చేతిని రెండు వేళ్లతో దగ్గరికి నొక్కి చూపించబోయింది. చెప్పక్కర్లేదమ్మా అన్నాను. కర్టెను పై అంచున కుట్టే పట్టీలో రెండు దారాలుంటాయి, అవి లాగితే రెండు మీటర్ల బట్ట ఒక మీటరుకి కుచ్చు పడుతుంది. రోజుకి ఇరవైసార్లు కొనేవాళ్ల ముందు నేను చేసి చూపించే పనే అది. వాడి కడుపులో ఇప్పుడు అదే జరుగుతోందట. గట్టి దారం మెత్తని బట్టను ఎక్కడ కోస్తుందో నాకు తెలుసు. కుచ్చు లోపలి మడతలో కోస్తుంది, పైకి కనబడని చోట.

ఇక ఆ చెప్పని మాట. పొద్దున వాడి వీపు దువ్వుతుంటే తోక కింద వేలెడు దారం కనబడింది. మెరూన్ రంగు, నైలాను, మూడు పేటలది. బట్టల కొట్టువాడికి దారం కొస కనబడితే ఏం చేస్తాడో బట్టల కొట్టువాణ్ణే అడగాలి. పరాయివాళ్ల భుజం మీద వేలాడుతున్నా లాగుతాను. ఒకసారి బ్యాంకులో ఆఫీసరు గారి కోటు గుండీ దగ్గర కనబడితే మాట మధ్యలో లాగాను, గుండీ ఊడి ఆయన బల్ల మీద పడింది. పెళ్లి చూపుల్లో మా ఆవిడ రవిక చేతి దగ్గర కనబడితే అందరి ముందూ లాగాను, దానికి ఆవిడ ఇవాళ్టికీ నన్ను క్షమించలేదు. ఈ చెయ్యి నన్ను అడగదు. పొద్దునా అడగలేదు. చూపుడు వేలూ బొటనవేలూ ఆ కొసను పట్టుకుని లాగేశాయి. రెండు వేళ్ల వెడల్పు వచ్చింది. తర్వాత లోపలి నుంచి ఏదో జవాబు వచ్చింది. ముడి తగిలితే ఠక్కున ఆగుతుంది, చిక్కు తగిలితే గరగరలాడుతుంది. ఇది అలా కాదు, మెత్తగా, బరువుగా, అవతల బట్టంతా దగ్గరికి జరుగుతున్నప్పుడు వేలికి తెలిసే ఆ పట్టు. వదిలేశాను. వాడు అరవలేదు. తల తిప్పి నన్ను ఒకసారి చూసి, మళ్లీ ముందుకు చూశాడు. గంటలో ఇక్కడున్నాం. డాక్టరమ్మ వాడి పొట్ట నొక్కుతూ, చూపు వాడి మీదే ఉంచి, "లాగలేదు కదండీ?" అని అడిగింది. "లేదమ్మా" అన్నాను. ఒక్క క్షణం ఆలోచించలేదు. బట్ట తానులో మచ్చ ఉందా అని అడిగితే లేదండీ అని ఎంత తొందరగా వస్తుందో అంత తొందరగా వచ్చింది. మచ్చ ఉన్న చోటు లోపలికి వచ్చేలా తాను మడవడం నాకు మా నాన్న నేర్పిన మొదటి పని. అది అబద్ధం కాదు, మడత అనేవాడాయన.

వాడు పులి కూనలా ఉంటాడని చాలామంది అంటారు. నేను అలా అనను, ఎందుకంటే పులిని దగ్గరగా చూడలేదు, చూడని సరుకుతో పోల్చడం నా పద్ధతి కాదు. టాయ్‌గర్ అంటారట ఈ జాతిని. ఇంట్లో పెరిగే పిల్లే, అడ్డంగా వలయాల్లా తిరిగే గీతలు కాకుండా వీపు నుంచి పొట్టకి నిలువుగా దిగే చారల కోసం తరాల తరబడి ఏరి ఏరి పెంచారట. ఆ సంగతి నాకు చెప్పింది ఒక సంగీతం టీచరు. ఇంటినిండా నా దగ్గరే కర్టెన్లు కొని, మూడు వారాల్లో మూడుసార్లు వచ్చి బట్ట చిరుగుతోందని తగువు పెట్టుకుంది. నా బట్ట చిరగడమేమిటని కోపంగా వాళ్లింటికి వెళ్లాను. కర్టెను పైన కడ్డీ దగ్గర ఒకటి, నడుమ ఒకటి, కింద ఒకటి, మొత్తం మూడు నారింజ రంగు కూనలు వేలాడుతున్నాయి. నాలుగోది నా ప్యాంటు మీద ఎక్కడం మొదలుపెట్టి తొడ దాకా వచ్చి ఆగి, నన్ను కొనాలా వద్దా అన్నట్టు ముఖంలోకి చూసింది. దాన్ని విడదీసి అరచేతిలో పెట్టుకుని, అలవాటు కొద్దీ, డిజైను తిరగబడే చోటు వెతికాను. ఏ ప్రింటైనా జానకో మూరకో మళ్లీ మొదటికి వస్తుంది, ఎక్కడొస్తుందో పట్టుకోవడంలో నా కన్నుకి పేరుంది. ఆ కూన మీద రాలేదు. ఎడమ పక్క చార రెండుగా చీలితే కుడి పక్క అదే చార తెగి మళ్లీ మొదలైంది. నుదుటి మీద గుండ్రంగా తిరిగాయి, తోక మీద ఉంగరాలయ్యాయి, చెవుల కొనలు మొనదేలకుండా గుండ్రంగా ఉన్నాయి. వెలుతురు పడితే రోమాల కొసల్లో బంగారు పొడి. ఎక్కడా తిరగబడని డిజైను. ఆవిడ కిటికీలన్నిటికీ గోరు దిగని నేత బట్ట, ఉచ్చులు లేకుండా బిగించి నేసిన కాన్వాసు, నేనే కొలిచి వేయిస్తానన్నాను, బదులుగా ఈ కూన నాకు అన్నాను. ఆవిడ ఒక్కటే అడిగింది: "ఎక్కడ పెంచుతారు?" "ఇంట్లోనండీ" అన్నాను. ఇల్లు పైన, కొట్టు కింద. కింది భాగం మడత లోపలికి వెళ్లింది.

అవును, కొట్టు కిటికీ కోసమే తెచ్చాను, ఎందుకు దాచాలి. జనం ఆగుతారు, ఆగినవాళ్లలో సగం మంది లోపలికి వస్తారు. ఆగారు, వచ్చారు, ఆ మాట వేరు. మా ఆవిడ మొదటి రోజు కూనను చూసి నడుం మీద చేతులు పెట్టుకుని, "కొట్లో కూర్చోవడానికి పులి, ఇంట్లో చాకిరీకి నేను. ఇంక మీరెందుకండీ మధ్యలో?" అంది. నెల తిరక్కుండానే ఆవిడ మెట్ల మీద నుంచి "వాడు తిన్నాడా?" అని అరవడం మొదలైంది, నేను తిన్నానా అని అరవడం తగ్గింది. మేనేజరు అనే పేరు బావమరిది పెట్టాడు. ఎవరైనా ధర తగ్గించమంటే కుట్టు మిషను ఆపి, "నాదేముందమ్మా, మేనేజరు గారిని అడగండి" అనేవాడు. బల్ల మీద ముందుకాళ్లు మడిచి కూర్చున్న వాడు వాళ్లను చూసి కళ్లు నెమ్మదిగా మూసేవాడు. "ఒప్పుకోలేదండీ" అనేవాడు బావమరిది. నవ్విన మనిషి బేరం ఆడదు. ముప్ఫై ఏళ్లు గొంతు పోయేలా నేను చెయ్యలేని పని వాడు రెప్పలతో చేశాడు.

అయితే వాడి గొప్ప అది కాదు, కాదని నాకు తెలియడానికి ఏడాది పట్టింది. ప్రతి నెలా ఒకటో తేదీన మీటరు కర్ర పక్కన నిలబెట్టి కొలుస్తాను, ముక్కు నుంచి తోక కొస దాకా. పోయిన నెల మీటరుకి నాలుగు వేళ్లు తక్కువ. పొడుగ్గా, నేలకి దగ్గరగా, నడుస్తుంటే భుజం ఎముకలు రెండూ ఒకదాని తర్వాత ఒకటి పైకి లేచి దిగుతాయి, ఆ నడక చూసి తాను బల్ల మీద విప్పే మనిషిని నేనే ఆగిపోయిన రోజులున్నాయి. మెడపట్టీకి తాడు కట్టి వీధి చివరి దాకా రోజూ సాయంత్రం తీసుకెళతాను. మొదటి వారం నేలకి అతుక్కుపోయి కదల్లేదు. రోజుకి నాలుగు అడుగులు, అంతే చాలనుకున్నాను. మూడో నెలకి తాళాలు బాగుచేసేవాడి కొట్టు దాటి, మందుల దుకాణం దాటి, మూల మీది దీపస్తంభం దాకా నడిచాడు. సైకిళ్లు పోతే ఆగుతాడు, కుక్క మొరిగితే నా కాలి వెనక్కి వచ్చి అక్కడి నుంచి దాన్ని చూస్తాడు, పారిపోడు. వారానికొకసారి దువ్వెన, రెండు వారాలకి గోళ్ల కొనలు, రోజు విడిచి రోజు పళ్లు తోమడం. పిల్లి పళ్లు తోముతానని చెబితే నా వియ్యంకుడు ఫోనులో పావుగంట నవ్వాడు. నవ్వనీ. వేలికి గుడ్డ చుట్టి పిల్లుల పేస్టు రాస్తే వాడు నోరు తెరిచి, పనైపోయేదాకా సీలింగు చూస్తూ ఉంటాడు. ఆయన మనవడు చెయ్యడు ఆ పని. బంతి విసిరితే తెచ్చి నా చెప్పులో వేస్తాడు. కుళాయి తిప్పితే ఎక్కడున్నా వచ్చి నీళ్ల ధారని చేత్తో కోసి చూస్తాడు. కిటికీ గది గోడకి మూడు మెట్లు బిగించి కాన్వాసు చుట్టాను, గోరు పెట్టుకోవడానికి అదొక్కటే వాడి సొత్తు. అందుకే నా తాన్ల మీద ఇంతవరకూ గోటి గీత లేదు. ఎవరైనా నమ్మకపోతే వచ్చి చూసుకోవచ్చు.

"మీ పిల్లికేమైందండీ?" అని ఎదురు కుర్చీలోంచి అడిగిందొకావిడ. ఒళ్లో నీలం తొట్టి, తొట్టిలో తాబేలు. చెప్పాను. "అయ్యో" అంది. "మాదానికి జలుబు." తాబేలుకి జలుబు చేస్తుందని నాకు తెలియదు. బావమరిది ముందుకు వంగి చూసి, "తుమ్ముతుందా అమ్మా?" అని అడిగాడు. "ముక్కులోంచి బుడగలొస్తాయి బాబూ. ఇరవై తొమ్మిదేళ్లుగా ఉంది నా దగ్గర. మా ఆయన పోయి పదేళ్లయింది, అది ఉంది." నాకు వాడి వయసు లెక్క గుర్తొచ్చింది. నాలుగేళ్ల రెండు నెలలు. ఆ ఇరవై తొమ్మిది పక్కన ఈ నాలుగు పెట్టి చూసుకుంటే చాలా చిన్నగా ఉంది. "మీవాడి ఫొటో ఉందా?" అంది ఆవిడ. అడగడమే ఆలస్యం, నా ఫోను బయటికి వచ్చింది. కిటికీలో వాడు, మెట్టు మీద వాడు, స్టేజీ కర్టెను మడత మీద రాజులా వాడు. ఆవిడ కళ్లజోడు సవరించుకుని, "ఇది పిల్లేనా నిజంగా?" అంది. ఎన్ని వందలసార్లు విన్నానో ఈ ప్రశ్న, ఇవాళా నా వీపు నిటారుగా అయింది. పన్నెండు కావడానికి ఐదు నిమిషాలు. తలుపు మూసే ఉంది.

స్టేజీ కర్టెను. అక్కడే జరిగింది. సంగీతం టీచరు కూనతో పాటు నాలుగు పేజీల కాగితాలిచ్చింది, ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు, ఎప్పుడు టీకాలు. ఆఖరి పేజీ ఆఖరి వాక్యం: దారాలు, రిబ్బన్లు, రబ్బరు బ్యాండ్లు అందనివ్వకండి. బట్టల కొట్లో పెంచే పిల్లికి దారం అందకూడదట. నవ్వాను, నవ్వి, ఆ రాత్రి ఒక్కణ్ణే కూర్చుని ఆలోచించి, మర్నాటి నుంచి పద్ధతి పెట్టాను. బావమరిది దారపు ఉండలన్నీ మూత ఉన్న డబ్బాల్లోకి వెళ్లాయి. కత్తిరించిన ముక్కలకి కాలి కింద సంచి. సాయంత్రం కొట్టు కట్టేముందు నేను మోకాళ్ల మీద కూర్చుని తడి స్పంజితో నేలంతా తుడుస్తాను, చీపురుకి అందని దారప్పోగులు స్పంజికి అంటుకుంటాయి. ముందు చెయ్యి, వెనక వాడు, నా మడమల పక్కనే నడుస్తూ తనిఖీ. నాలుగేళ్లలో ఈ పని ఎవరికీ అప్పగించలేదు. జ్వరమొచ్చినప్పుడు కూడా చేశాను. ఈ వారం స్కూలు హాలు స్టేజీకి కర్టెన్లు, పద్దెనిమిది అడుగుల ఎత్తు, మెరూన్ రంగు మఖమల్, మర్నాడు పొద్దున్నే ఇవ్వాలి. నేనూ బావమరిదీ కుట్టు అంచులు పట్టుకుని లాగుతూ, తిప్పుతూ, ఆఖరికి బండిలోకి ఎక్కించి పంపాక నడుములు పట్టేశాయి. స్పంజి బకెట్టు చూశాను. రేపు అనుకున్నాను. నాలుగేళ్లలో ఒక్క సాయంత్రం.

ఫోను మోగింది. మా ఆవిడ. "ఏమన్నారు?" "లోపలున్నాడు, గంటన్నారు." "పెద్ద డాక్టరేనా?" "ఆవిడే." వెనక కుక్కరు ఈల వేసింది, కట్టేసిన చప్పుడు. "దారం లాగిన సంగతి చెప్పారా?" "నువ్వెప్పుడు..." "వంటింటి తలుపులోంచి చూశానండీ. ఆ చెయ్యి నాకు కొత్తా? చెప్పారా లేదా?" "చెబుదామనే..." "అంటే చెప్పలేదు. మీరక్కడ సరుకు అమ్మడానికి వెళ్లలేదండీ" అని పెట్టేసింది. బావమరిది నా వైపు చూడకుండా, "అక్క ఏమంది?" అన్నాడు. "నీ అక్క ఎప్పుడూ అనేదే" అన్నాను. టేపును వేలికి చుట్టి విప్పి చుట్టాడు.

చెబితే ఏమవుతుంది? లోపల ఆవిడ చేతులు పనిలో ఉన్నాయి, ఇప్పుడెళ్లి తలుపు కొట్టడం తప్పు కాదా? పైగా లాగింది రెండు వేళ్ల వెడల్పే. పైగా ఎలాగూ మొత్తం చూస్తారు కదా. పైగా, పైగా. మచ్చ మీదికి మడత తిప్పేటప్పుడు మాటలు ఇలాగే ఒకదాని మీద ఒకటి వస్తాయి, ఎక్కడా తడుముకోనక్కర్లేదు. మొన్నటి నుంచి వాడు కిటికీలో కూర్చున్న తీరు అప్పుడు కళ్ల ముందుకొచ్చింది. రెండు రోజులు అన్నం ముట్టలేదు, అలిగాడనుకున్నాను. కాని కిటికీలో కూర్చున్నాడు, రోజూకంటే ఎక్కువసేపు, ముందుకాళ్లు జంటగా పెట్టి, మెడ ఎత్తి, పొట్ట చల్లని రాతిపలకకి ఆనించి, వీధి వైపు చారలు నిండుగా కనబడేలా. స్కూలు పిల్లలు అద్దానికి ముఖాలు ఆనించి చూశారు. "ఏం ఠీవి రా మనవాడిది" అన్నాను బావమరిదితో, నేనే అన్నాను, ఈ నోటితోనే. వాడు నొప్పిని లోపలికి మడిచి, బాగున్న పక్క బయటికి పెట్టి కూర్చున్నాడు. ప్రపంచంలో ఆ మడత గుర్తుపట్టాల్సినవాడు ఒకడుంటే వాడు నేను. ముప్ఫై రెండేళ్లుగా నా అన్నం అదే. వాడి ముందు నిలబడి, తాను మీది పొర చూసి మురిసిపోయే కొనేవాడిలా మురిసిపోయాను. వాడికి వేరే దారి లేదు, నోరు లేదు. నాకుంది కదా.

లేచాను. బుట్ట కుర్చీలో పెట్టాను. బావమరిది "ఎక్కడికి బావా?" అంటున్నాడు. తలుపు మీద రెండుసార్లు కొట్టాను. ముఖానికి గుడ్డ కట్టుకున్న నర్సు జానెడు తెరిచింది. "డాక్టరమ్మకి చెప్పండి. పొద్దున ఆ దారం నేను లాగాను. రెండు వేళ్ల వెడల్పు వచ్చింది. ఇందాక అడిగితే లేదన్నాను, అబద్ధం." లోపల లోహం మీద లోహం పెట్టిన చప్పుడు, తర్వాత ఆవిడ గొంతు, కోపం లేదు, తొందర ఉంది: "ఎటు నుంచి?" "తోక కిందనుంచమ్మా." "సరే. తలుపు వెయ్యి." వేశారు. వెనక్కి తిరిగితే తాబేలు ఆవిడ, బావమరిది, ఇద్దరూ నన్నే చూస్తున్నారు. పన్నెండూ పది. కొట్లో ఒక్క కొనేవాడి ముందైనా తాను తిప్పి, ఇదిగో ఇక్కడ మచ్చ ఉంది అని నేనుగా చూపించానా అని వెనక్కి వెతుక్కున్నాను. ఒక్కటీ గుర్తు రాలేదు. "అమ్మయ్య" అన్నాడు బావమరిది. "నేను దారం నాదని అరుస్తుంటే నువ్వు మాట్లాడకపోతే, నేనే లాగానేమోనని నాకే అనుమానమొచ్చింది."

ఆ తర్వాత గడియారం వైపు చూడలేదు. తువ్వాలు మడిచాను, విప్పాను, మడిచాను. వాడు నా దగ్గర నిద్రపోయే తీరు తలుచుకున్నాను, తాన్ల బీరువా మూడో అరలో నూలు బట్టల మధ్య, తోక ఒకటి బయటికి వేలాడేసి. బట్ట వెతకడానికొచ్చిన ఒకావిడ ఆ తోకను చూసి "ఈ అంచు బాగుంది, ఎంత?" అని పట్టుకుని లాగితే, బీరువాలోంచి రెండు కళ్లు బయటికొచ్చాయి. ఆవిడ అరుపుకి వీధంతా వచ్చింది. వాడు మాత్రం ఆవిడ చెయ్యి వాసన చూసి, గోరు తియ్యకుండా, మళ్లీ పడుకున్నాడు. ఆ చెయ్యి మీద గీత పడి ఉంటే నా వ్యాపారం ఆ రోజే మూసుకోవాలి, వాడికి ఆ సంగతి ఎవరు చెప్పారు? బలం ఉండి వాడకపోవడం ఎంతమందికి వస్తుంది? బీరువా తలుపు తీసినప్పుడు ఆ అర వెచ్చగా తగులుతుంది, వాడు లేచి వెళ్లిపోయిన చాలాసేపటి వరకూ. ఒక రోజు ఆ వెచ్చదనం మీద చెయ్యి పెట్టుకుని ఊరికే నిలబడిపోయాను. ఎవరూ చూడలేదు, లేకపోతే ముసలాడికి మతి పోయిందనేవారు.

తలుపు తెరుచుకుంది. ఒంటిగంటకి పది నిమిషాలు తక్కువ. డాక్టరమ్మ చేతి తొడుగులు తీసేసి, నుదుటి మీద టోపీ వెనక్కి నెట్టి, "రండి" అంది. తువ్వాలు బుట్టలో పడేసి లేచాను. "ఉన్నాడండీ, గుండె బాగా కొట్టుకుంటోంది" అంది ముందు. ఆ తర్వాతే మిగతాది విన్నాను. పేగు మూడు చోట్ల కోసి దారం ముక్కలుగా తీశారట, ఒక మూర పైన ఉందట. "అంతా ఒకసారి చూశాను, కారుతున్న చోటేదీ కనబడలేదు. పొట్ట కుట్టేద్దామని సూది పట్టుకున్నాను. అప్పుడు మీరొచ్చారు. కింది కొస నుంచి మళ్లీ మొదలుపెట్టి ఒక్కో కుచ్చూ విప్పుకుంటూ వచ్చాను. మడత లోపల గుండుసూది తలంత రంధ్రం. అది వదిలేసి కుట్టేస్తే రెండు రోజుల్లో..." ఆగింది. "నేను లాగినందుకేనా అమ్మా?" "దారం కోసిందో మీరు లాగితే తెగిందో నేను చెప్పలేనండీ. ఇంకో వేలు లాగి ఉంటే మాత్రం పేగు పొడుగునా తెగేది. ఆపకుండా లాగేవాళ్లే ఎక్కువ. మీరెందుకు ఆపారు?" "కుచ్చు తగిలిందమ్మా వేలికి." ఆవిడ నా ముఖం వైపు కాక నా చేతి వైపు చూసింది. "మూడు రోజులు ఇక్కడే ఉంచండి. ఈ మూడు రోజులూ గండమే. కాని లేచాడు, లేవగానే నర్సు చెయ్యి వాసన చూశాడు" అంది.

బల్ల మీద దుప్పటిలో ఉన్నాడు. ముందుకాలికి సూది, నాలుక కొస కొద్దిగా బయటికి. నా అడుగు చప్పుడుకి చెవి ఒకటి తిరిగింది, కన్ను తెరవడానికి బరువైంది, తెరిచి, నెమ్మదిగా మూశాడు. బావమరిది వంగి కుట్లు చూశాడు, "కుట్టుకీ కుట్టుకీ ఎడం సమానంగా ఉంది బావా, ఎక్కడా గుంజలేదు. ఈవిడ మన దగ్గరికొస్తే ఇద్దరు టైలర్ల పని చేస్తుంది" అన్నాడు. డాక్టరమ్మ నవ్వింది. నేను కుట్లు చూడలేదు. పొట్టకీ పక్కకీ రోమాలు గొరిగేశారు, కాలికి సూది గుచ్చిన చోటా గొరిగారు. నాలుగేళ్లు నేను దువ్వి, మెరిపించి, కిటికీలో పెట్టి చూపించిన నారింజా బంగారం అక్కడ లేవు. అయినా, బోసిపోయిన ఆ చర్మం మీద, కత్తి వదిలిన మొదళ్లలో, చారలున్నాయి. మసకగా, బూడిద రంగులో, చీలాల్సిన చోట చీలి, తెగాల్సిన చోట తెగి. వేలు ఆనించి చూశాను, బట్ట వెనక్కి తిప్పి చూసినట్టు. పై అద్దకం కాదు. "నేతలోనే ఉందిరా" అన్నాను బావమరిదితో.

లెక్క చూసుకుంటే ఇదీ తేలింది. పొద్దున ఇంట్లోంచి బయల్దేరినప్పుడు నాదని చెప్పుకున్న పిల్లి ఒకటి, ఇప్పుడూ ఒకటే. మచ్చను మడిచి దాచే ముప్ఫై రెండేళ్ల అలవాటు ఒకటి ఆ తలుపు దగ్గర పోయింది, దానికి బదులు లోపలున్న ప్రాణం దక్కింది. ఇంతవరకూ వాణ్ణి వీధి వైపు నుంచే చూశాను. ఇవాళ లోపలి వైపు కూడా చూశాను. రెండు వైపులా ఒకే సరుకు. అలాంటిది నా చేతికి రావడం ఇదే మొదలు.